ట్రే పట్టుకొచ్చిన మనిషి

వీడియోలో పాత హాలీవుడ్ సినిమా అయిపోయింది. మిల్లు కూలీ కూతురు డోరతీ ఒక్కో మెట్టే ఎక్కి మేడ దాకా చేరి, చివరికి అన్నీ పోగొట్టుకుని వానలో నిలబడింది.

"చూశావా అమ్మాయ్, ఎగిరిపడ్డ డోరతీ గతి? రేపు నీదీ అంతే," అంది డాక్టరుగారి భార్య ఇందుమతి.

షార్జాలోని ఆ ఇంట్లో గంగాభవాని నాలుగేళ్లుగా పనిమనిషి. లేడీస్ టైలరింగ్ షాపు పెట్టుకుంటానని, తన వీసాకి పూచీ పడడానికి కొత్త కఫీల్ ఒప్పుకున్నాడని పొద్దున్నే చెప్పింది.

"డోరతీకి రోజూ ట్రేలో కాఫీ తెచ్చిచ్చిన పనిమనిషి ఏమైందండి?"

"దానికేం? నీడపట్టున హాయిగా ఉంది."

"దాని పేరేంటండి?"

"ఏమో. సినిమాలో ఎవరూ పిలవలేదుగా."

"పడిపోయినావిడ పేరు మాత్రం మీకు గుర్తుందండి."

గంగాభవాని టీవీ కట్టేసింది.

"పడితే పడతానండి. ముందు ఎక్కనివ్వండి. బీరువాలో నా పాస్‌పోర్టు ఉంది, ఇప్పించండి."

"ఇప్పుడంత తొందరేంటి అమ్మాయ్?"

"ఈ ఇంట్లో నా పేరు దాన్లో తప్ప ఇంకెక్కడా లేదండి."