ముప్పావు మాత్ర

ఆ రోజుల్లో లెక్కల టీచర్లకు శిక్షణంటే కొత్తవి నేర్పడం కాదు, వచ్చినవి మరిపించడం. లెక్క రాని పిల్లల అవస్థ టీచరుకు తెలిసిరావాలని, బొబ్బిలి శిక్షణ కేంద్రంలో కాత్యాయని తలలోంచి భిన్నాలను మూడు రోజులపాటు తీసేశారు.

రెండో రోజు పొద్దున్నే ఇంట్లో అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. "ముప్పావు మాత్ర వెయ్యండమ్మా. మించితే గుండెకు ప్రమాదం" అని డాక్టరు ఫోను పెట్టేశాడు.

కాత్యాయని మాత్రల డబ్బా పట్టుకుని నిలబడిపోయింది. ముప్పావు అన్న మాట చెవికి తెలుసు, అర్థం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"నాలుగింట మూడు వంతులమ్మా" అంది ఆరో తరగతి చదివే కూతురు మేఖల.

"ఒక్క మాత్రకి మూడంటావేటే?"

మేఖల గబగబా మళ్ళీ చెప్పింది. ఇరవయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి తల కొట్టేసినట్టయింది. "ఆఁ, అర్థమైందిలే" అనేసి, మూడు మాత్రలు తీసుకుని గదిలోకి వెళ్లింది.

అత్తగారు నోరు తెరిచారు. కాత్యాయని చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"మేఖలా, నాకు అర్థం కాలేదే. మెల్లిగా చెప్పు."

మేఖల ఒక మాత్రను కత్తితో నాలుగు ముక్కలు చేసి, ఒకటి పక్కన పెట్టి, మిగతావి తల్లి అరచేతిలో పోసింది. కాత్యాయని మూడింటినీ వేలితో తాకి చూసుకుని అత్తగారి నోట్లో వేసింది.

ఆయాసం తగ్గేసరికి గంట పట్టింది.

"నేను లెక్కలు చెప్పేటప్పుడు, అర్థం కాకపోయినా అయిందని నువ్వూ నాతో అనేదానివా?" అని అడిగింది కాత్యాయని.

"రోజూ" అంది మేఖల, తలెత్తకుండా.