తలుపు దగ్గరే పెట్టండి

“ఫోటో తీసినావు, మళ్ళా నువ్వే ఎత్తుకపోయినావు. అంతే గదా జరిగింది?”

రవిశంకర్ గొంతు కొర్రపాడు రోడ్డు మొగదల దాకా వినిపిస్తోంది. విమల ఇంకా స్కూటీకి స్టాండు కూడా వేయలేదు.

మధ్యాహ్నం ఒకటింబావుకు ఈ ఇంటికి పార్సిల్ తెచ్చింది తనే. ఇంట్లో ఎవరూ లేరు. ‘తలుపు దగ్గరే పెట్టండి’ అని ఆర్డర్లోనే రాసి ఉంటే, గడప పక్కన పెట్టి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా పార్సిల్ రాలేదని ఈయన కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. అలాంటివి ఆమె మీద అప్పటికే రెండున్నాయి. మూడోది ఖాయమైతే ఐడీ మూసేస్తారు, రేపటి నుంచి పనే ఉండదు. అందుకే మిగిలిన డెలివరీలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

“సారూ, ప్రమాణంగా చెప్తాండా. ఈడనే పెట్టినా. ఈ ఫిర్యాదు నిలిస్తే నా పని పోతాది. ఇంట్లో ఎవురన్నా ఎత్తిపెట్టినారేమో ఒకతూరి చూడండి.”

“ఎవురుండారు ఎత్తిపెట్టేకి? నేను పొద్దున పోయినోన్ని ఇప్పుడే వస్తి జమ్మలమడుగు బడి నుంచి. మా ఆమె పులివెందులలో వాళ్ళక్క ఇంటికి పోయింది. పాప కడప హాస్టల్లో ఉండాది. పార్సిల్లో వాచీ ఏమన్నా గాలికి లేచిపోయిందా?”

ఎదురింటి అఖ్తర్ బీ గడపలోకి వచ్చి నిలబడింది. పక్కింటివాళ్ళూ వచ్చారు. ఒక మనిషిని నిలబెట్టి తిడుతుంటే చూడ్డానికి మనవాళ్ళకు పిలుపు అక్కర్లేదు.

“సంచి బోర్లించు” అన్నాడు రవిశంకర్.

విమల బోర్లించింది. నీళ్ళ సీసా, అన్నం గిన్నె, చార్జరు, దువ్వెన. పిల్లలకు పాఠాలు చెప్పే పెద్దమనిషి పదిమంది ముందు ఆ దువ్వెనను చెప్పుకాలితో కదిలించి చూశాడు.

“ఈపాటికి అమ్మేసుంటావులే. మీకిది అలవాటే గదా.”

“మీకంటే ఎవురికి సారూ?”

“మీకంటే మీకే. ఇల్లిల్లూ తిరిగేవాళ్ళకు.”

ఏడుపు రావాల్సిన చోట విమలకు ఒళ్ళు మండింది. ఎదురుగా తలుపు మీద నల్లటి కొత్త తాళం మెరుస్తోంది. బిగించి పది రోజులు కూడా కాలేదు. వేలు పెడితే తెరుచుకునే రకం. ఎవరు ఎన్ని గంటలకు తెరిచారో అంతా ఫోనులో రాసిపెడుతుంది. ఇలాంటివి ఇళ్ళల్లో దింపీ దింపీ ఆమెకు ఆ సంగతి తెలుసు.

“సారూ, ఆ తాళం లెక్క చూడండి. మధ్యాన్నం తలుపు ఎవురు తీసినారో దాంట్లో పడుంటాది.”

“చూసుకో. దాంట్లో నా పేరే లేదు. బిగించేటప్పుడు వేలు పెట్టినా గానీ, నా పేరెప్పుడు చెప్పినా దానికి?”

“నేను మీ పేరు అడగలేదే సారూ!”

రవిశంకర్ నోరు మెదిపేలోగా ఆటో వచ్చి ఆగింది. ఆయన భార్య సుబ్బలక్ష్మి చీనీకాయల సంచితో దిగింది. “ఏంది ఈ గలాటా?” అంది. అఖ్తర్ బీ నాలుగు ముక్కల్లో చెప్పింది.

“అయ్యో, దానికింత రచ్చ ఎందుకు? తాళం లెక్కంతా నా ఫోన్లోనే వస్తాది గదా.”

“ముందు లోపలికి పో. బస్సులో అలిసిపోయి వచ్చినావు” అన్నాడు రవిశంకర్.

అప్పటికే ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫోను తెరిచింది. “పాపం, ఉద్యోగం పోతాదంట గదండీ. పొద్దున ఏడూ ముప్పై, సుబ్బలక్ష్మి. అది నేనే. మళ్ళా... ఒకటీ నలభై, రమ్య వాళ్ళ నాయన.”

ముఖాలన్నీ రవిశంకర్ వైపు తిరిగాయి. రమ్యశ్రీ ఆ దంపతుల ఒక్కగానొక్క కూతురని అందరికీ తెలుసు.

“ఏం పేరది? ఎవురు రాసినారు?” రవిశంకర్ అరిచాడు.

“బిగించేకి వచ్చినాయన ఏ వేలు ఎవురిదని అడిగినాడు. పరాయి మొగోని ముందర మీ పేరెట్ల చెప్పేది?” అమాయకంగా అంది సుబ్బలక్ష్మి. తర్వాత మళ్ళీ ఫోను వంక చూసుకుంది. “అవునూ, ఒకటీ నలభైకి మీరు ఇంటికెందుకు వచ్చినారు?”

ఆమె లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. చించిన అట్టపెట్టె పట్టుకుని వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా దాన్ని గడప మీద పెట్టింది.

వాచీ చేతికొచ్చింది, రాలేదని రాసిస్తే కట్టిన డబ్బూ వెనక్కొస్తుంది. మధ్యలో ఒక ఆడమనిషి కూడు పోతే ఆయనకేం? విమలకు ఆ మనిషి నిలబడ్డ చోట నిలబడాలన్నా రోత పుట్టింది.

“సరేలే, దొరికింది గదా. ఏదో మర్చిపోయినా” అన్నాడు రవిశంకర్ చేతులు దులుపుకుంటూ.

“థూ! బళ్ళో పిల్లోళ్ళకు ఏం చెప్తాండావు సారూ నువ్వు?” అంది అఖ్తర్ బీ. “ఫోన్ చెయ్యి. ఫిర్యాదు తీసేసేదాకా ఈడ్నించి కదిలేది లేదు నేను.”

చేశాడు. తప్పయిందన్న మాట మాత్రం ఆ నోట్లోంచి రాలేదు. విమల సంచి సర్దుకుంది. దువ్వెనను అక్కడే వదిలేసింది.

మర్నాడు పొద్దున ఆమె ఐడీ ఎప్పటిలాగే తెరుచుకుంది. హమ్మయ్య అనుకుని ఆ రోజు జాబితా చూసింది. మొట్టమొదటి చిరునామా కొర్రపాడు రోడ్డు, రవిశంకర్ ఇల్లు. ఇచ్చి రావాల్సిన సరుకు కాదు, నచ్చలేదని తిప్పి పంపుతున్న సరుకు.

వస్తువు: తలుపు తాళం. కారణం: తప్పుడు సమాచారం ఇస్తోంది.