ఆదివారం కెమెరా

“పాతదని చులకనగా చూసేటట్టయితే ఇయ్యనమ్మా,” అన్నాడు వరదయ్య, కెమెరా సంచీ జిప్పు తీయకుండానే.

సునయన నవ్వింది. “లేదండీ. నేర్చుకోడానికి పాతదే మంచిదన్నారు. నాకిదే మొదటి కెమెరా.”

ఆమె రాజమండ్రి నుంచి ఈ నగరానికి ఉద్యోగానికి వచ్చి మూడు నెలలైంది. కెమెరా అమ్మకం ప్రకటన చూసి, చూలై అనే పేటలో అతని మోటార్ల రిపేరు కొట్టు వెతుక్కుంటూ వచ్చింది.

అంతకుముందు వచ్చిన ఇద్దరినీ వరదయ్య గుమ్మంలోంచే తరిమేశాడు. ఒకడు డొక్కు కెమెరా అన్నాడు. ఇంకొకడు విప్పి విడిభాగాలకు వాడుకుంటానన్నాడు. భార్య పోయి ఏడాది. ఆమె వస్తువు ఆమెలా వాడే మనిషికే పోవాలని అతని పట్టు.

“మా కనకవల్లిది. ఆరేండ్లు ఒక్క ఆదివారం ఇంట్లో ఉన్నింది లేదు. చింతాద్రిపేటలో కూవం ఏటి గట్టు, మాధవరం చెరువు, ఆడుండే కొంగలు... వానైనా ఎండైనా పోవాల్సిందే. నేనే పెరుగన్నం కట్టిస్తా ఉంటిని.”

“మీరూ వెళ్లేవారా?”

“ఊరి బడిలో ఐదు చదివినోణ్ణి, నాకేం తెలుసు? నువ్వు పక్కనుంటే చెయ్యి వణుకుతుందనింది. సెరి, పొమ్మంటిని.”

“ఆవిడ తీసినవి ఒకటి రెండు చూడొచ్చా అండీ?”

వరదయ్య ముఖం గట్టిపడింది. “అన్నీ ఫోటో క్లబ్బు కంప్యూటర్లో ఉండాయనేది. ఆరేండ్లు కలిసి తిరిగినోళ్లు, చావుకు ఒక్కడు రాలా. ఆ ద్రోహుల గడప నేను తొక్కను.”

సంచీ జిప్పు తీశాడు.

“బ్యాటరీ చూడు. శనివారం శనివారం నేనే చార్జింగు పెడతా ఉంటిని. పెట్టీ పెట్టగానే పచ్చలైటు! ఇట్టాంటిది ఇప్పుడు యాడా దొరకదు.”

సునయన లెన్సును వెలుతురుకు పట్టి చూసింది. బూజు లేదు. అయినా సందేహం తీరలేదు.

“ఆరేళ్లు వారం వారం అంటే లోపల బాగా అరిగిపోయుంటుందేమోనండి. లక్ష ఫోటోలు దాటితే ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. ఎన్ని తీసిందో లెక్క దాన్లోనే ఉంటుంది. ఇప్పుడొకటి తీసి లాప్‌టాప్‌లో వేస్తే తెలిసిపోతుంది. ఎక్కువుంటే మాత్రం నేను తీసుకోలేనండీ, ఏమనుకోకండి.”

తక్కువే తీసిందని ఒక్క మాటంటే సరిపోయేది. వల్లి పేరు మీద వరదయ్య అబద్ధమాడడు.

“లక్షకు తగ్గదు. చూసుకో.”

ఆ మాట అంటుంటే ఛాతీ పొంగింది. వల్లి ఏం చూసిందో అతను ఎన్నడూ చూడలేదు. ఎంత చూసిందో ఇప్పుడు తెలుస్తుంది. బేరం పోతే పోనీ. ఆ అంకె కాగితం మీద రాయించుకుని ఆమె పటం కింద అంటించుకుంటాడు. క్లబ్బువాళ్లు దాచుకున్నవాటిలో అతనికి దక్కేది అదొక్కటే.

బీరువా సొరుగులోంచి పెన్సిలు తీసి పట్టుకున్నాడు. సునయన అతన్ని అలాగే ఒక ఫోటో తీసింది. కార్డు లాప్‌టాప్‌లో పెట్టింది. తెర చూసింది. కళ్లు చిట్లించి మళ్లీ చూసింది. ముఖం విప్పారింది.

“భలేవారండీ, ఊరికే భయపెట్టేశారు, ఇప్పుడు మిమ్మల్ని తీసినదాంతో కలిపి ఇది పుట్టాక తీసింది మొత్తం పదిహేడు ఫోటోలేనండీ!”