అతిథి సీటు

బస్సు కదలబోతుండగా కార్యదర్శికి లెక్క తప్పింది.

ముప్పై సీట్లు. ముప్పై ఒక్క తలలు.

మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై ఒకటే!

మహిళా సేవా క్లబ్బు వాళ్ళు నెలనెలా వెళ్ళే విహారయాత్ర అది. బయట మంచు ఇంకా విడలేదు. వీధి దీపాలూ, చెట్లూ, ఎదురింటి గోడా అన్నీ సగం నిద్రలో ఉన్నాయి. బస్సులో మాత్రం సంత.

ఆ క్లబ్బుకో పద్ధతుంది. డ్రైవరు వెనకాల కిటికీ సీటు అతిథిది. ఇల్లు కదలని మనిషిని ఎవరినైనా వంతులవారీగా వెంటబెట్టుకు రావాలి. ఈసారి వంతు నర్సుది. వాళ్ళ వదినని తెచ్చింది. పాపం వదినేమో చోటు లేక నిలబడే ఉంది.

అతిథి సీట్లో ఎవరో పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డ సంచి.

"ఈవిడ ఎవరి తాలూకు?" గొంతు తగ్గించి అడిగింది కార్యదర్శి.

"ప్రెసిడెంటుగారి అత్తగారు కదూ?" అంది దర్జీ.

"మా అత్తగారా! నేను మీ పిన్ని అనుకుంటున్నానే!" అంది ప్రెసిడెంటు.

"మా పిన్నయితే ఈపాటికి బస్సులో సగం మంది పిల్లలకి సంబంధాలు చూసేసేది!"

పెద్దావిడ ఈ బస్సెక్కడం ఇది మూడోసారి. కిందటి రెండుసార్లూ వంతు వాళ్ళు ఎవరినీ తేలేదు. సీట్లో మనిషుంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. నవ్వుతూ పలకరించారు, ఫలహారం పెట్టారు, చలిగా ఉందంటే దుప్పటి కప్పారు. పేరు మాత్రం అడగలేదు. ఎవరో ఒకరి మనిషేలే అనుకున్నారు.

కార్యదర్శికి రూలంటే రూలే. దగ్గరికెళ్ళింది.

"ఏమనుకోకండమ్మా, మిమ్మల్నెవరు తీసుకొచ్చారు?"

"ఎవరూ తేలేదమ్మా. నేనే వచ్చాను." పెద్దావిడ సంచి ముడి విప్పబోయింది. "మీకో మాట చెబుదామని..."

"తర్వాత చెబుదురుగాని. ఈ సీటు వేరేవాళ్ళది."

"రెండుసార్లు వచ్చానమ్మా. మీరు తీరిగ్గా కనబళ్ళేదు."

"ఇవాళ అసలే తీరిక లేదండీ. ఆలస్యమైపోతోంది."

దురుసుగా ఏమీ అనలేదు. ఆ మాటకొస్తే చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దింపింది కూడా.

కిందికి దిగాక పెద్దావిడ తలెత్తి చూసింది. "ఈసారి మీ క్లబ్బు మేళాలో జెయింట్ వీల్ పెడుతున్నారా?"

"పెడుతున్నామమ్మా."

"పెద్దదేనా?"

"పెద్దదే."

ఆవిడ చిన్నపిల్లలా సంబరపడింది. అలా నడుచుకుంటూ మంచులోకి వెళ్ళిపోయింది.

*

చెరువు మీద పడవ నెమ్మదిగా పోతోంది. నీళ్ళ మీద పొగలా మంచు. అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియడం లేదు. వచ్చే నెల కంటి శిబిరం, ఆ పై నెల ఆసుపత్రి పిల్లలకి కథలు చెప్పడం, ఆ తర్వాత నలభయ్యో ఏటి మేళా. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ అక్కడికే వచ్చాయి.

"నీ జెయింట్ వీల్ మనిషి జాడ తెలిసిందా?" ప్రెసిడెంటు అడిగింది.

"లేదక్కా. మన పత్రికలో రాసి మూడు నెలలైంది." కార్యదర్శి నీళ్ళలోకి చూస్తూ అంది.

"ఎవరావిడ?" అంది నర్సు వదిన.

"మన మొదటి మేళా నాటి సంగతండీ. నాకు ఏడేళ్ళు. ఒక్కదాన్నే ఎక్కాను. నా తొట్టి పైకెళ్ళాక చక్రం ఆగిపోయింది. ఒకటే గాలి. దూకేస్తానని ఏడుస్తూ లేచి నిలబడ్డాను."

"అయ్యో, తర్వాత?"

"కింది తొట్టిలో ఒకావిడ స్వెటర్ అల్లుకుంటోంది. ఉన్ని ఉండ నా తొట్టిలోకి విసిరింది. 'దారం చేతికి చుట్టుకో బంగారూ. కొస నా దగ్గరుంది, నేను వదల్ను' అంది."

"ఉన్ని దారం మనిషిని ఆపుతుందా ఎక్కడైనా!"

"ఆపదు. కానీ నేను కూర్చున్నాను. గంటసేపు కదల్లేదు."

నర్సు వదిన దగ్గరికి జరిగింది.

"మొహం గుర్తుందా?"

"పైనుంచి పాపిటే కదా కనబడేది! కిందికి దిగీ దిగగానే మా అమ్మ నన్నెత్తుకుని ఒకటే పరుగు. ఆ హడావిడిలో ఎడమ కాలి ఎర్ర బూటు ఎక్కడో జారిపోయింది. దానికి వారం రోజులు చీవాట్లు."

అందరూ నవ్వారు. కార్యదర్శికి నవ్వు రాలేదు.

"ఈ మేళాలో మొదటి తొట్టిలో ఆవిణ్ణి కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చోవాలి. నాకింకే కోరికా లేదు. అసలు ఉన్నారో లేదో..."

ప్రెసిడెంటు ఆమె వీపు నిమిరింది.

*

సాయంత్రం బస్సు ఆగేసరికి సగం మంది ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతున్నారు. దిగేటప్పుడు నర్సు వదిన పై అరలోంచి గుడ్డ సంచి తీసింది.

"ఆ పెద్దావిడ సీట్లో వదిలేశారు. నేనే పైన పెట్టాను."

"అయ్యయ్యో, రేపు పొద్దున్నే ఇచ్చేసొస్తాను. వాళ్ళిల్లెక్కడ?" అంది కార్యదర్శి.

తెలిసినవాళ్ళు లేరు.

"పేరేమిటన్నారు?"

అదీ ఎవరికీ తెలియదు.

"లోపల చిరునామా ఉందేమో చూడు," అంది ప్రెసిడెంటు.

కార్యదర్శి ముడి విప్పింది. పైన క్లబ్బు పత్రిక ఉంది. తను రాసిన పేజీ దగ్గర మడిచి ఉంది. 'ఆమె ఎక్కడున్నా ఒక్కసారి రావాలి' అన్న మాట కింద పెన్సిలు గీత.

దాని అడుగున, చేతిరుమాలులో భద్రంగా చుట్టి, ఏడేళ్ళ పిల్ల ఎడమ కాలి ఎర్ర బూటు ఉంది.