భయం లేని బాబు

"ఎంత బుద్ధిమంతుడండీ మీ బాబు! ఇంత గోలలోనూ తన ఆట తనదే," అంది పక్కన కూర్చున్నావిడ.

"ఆయ్, ఇంట్లోనూ అంతేనండి. పక్కనే గిన్నెలు పడ్డా నిద్ర లేవడు," అంది పింకీ గర్వంగా.

ఆదివారం ప్రార్థన అయ్యాక ముక్తేశ్వరం కొబ్బరితోటలో వాలీబాల్ పోటీ. పింకీ భర్త హేమంత్ రెఫరీ. తొమ్మిది నెలల కొడుకుని దుప్పటి మీద కూర్చోబెట్టుకుని ఆమె ఆట చూస్తోంది.

ఊరి జట్టు గెలిచింది. కుర్రాళ్లు దుప్పటి వెనకాలే సీమటపాకాయల దండ అంటించారు. చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. పక్కావిడ ఒళ్లో పాప గుక్కపట్టి ఏడ్చింది. వీడు మాత్రం బిస్కెట్టు చప్పరిస్తూనే ఉన్నాడు.

హేమంత్ పరుగున వచ్చాడు. "చూసేవా పింకీ, మనోడికి భయమన్నదే లేదు!"

పింకీ నవ్వలేదు. "ఏవండీ, ఆ విజిల్ ఓసారి ఇలా ఇవ్వండి."

కొడుకు వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. ఊపిరంతా కూడదీసుకుని ఊదింది.

తోటలో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడి ఇటు తిరిగారు, వాడొక్కడు తప్ప.

"ఇంకొంచెం గట్టిగా ఊదు పింకీ," అన్నాడు హేమంత్.