బదిలీ మీద వచ్చినాయన

"బిడ్డా, మూడు రాళ్లు చెప్పినవ్. మరి కట్టెలేవి?"

ముందు వరుసలోంచి లేచిన పెద్దాయన కేకకు భద్రాచలంలోని ఆ డిగ్రీ కాలేజీ హాలు ఉలిక్కిపడింది.

వేదిక మీదున్న నవతకు ఒళ్లు మండింది.

మండదా మరి! నెల రోజులు కూర్చుని తయారుచేసుకున్న ఉపన్యాసం. పోటీలో ఫస్టు వచ్చినవాళ్లను ఢిల్లీ పంపుతారు. బూర్గంపాడు నుంచి ఖమ్మం వెళ్లడమే గగనమైన పిల్లకు ఢిల్లీ అంటే మాటలా?

అంశం మన దేశ విదేశాంగ విధానం. దౌత్యం, అభివృద్ధి, రక్షణ ఈ మూడూ పొయ్యికి మూడు రాళ్లలాంటివనీ, ఏ ఒక్కటి ఎత్తయినా కుండ ఒరిగిపోతుందనీ నవత ముచ్చటగా చెప్పింది. ఉదాహరణకు ఆఫ్ఘనిస్తాన్‌లో మనవాళ్లు వేసిన రోడ్డును తీసుకుంది.

"ఒక్క చుక్క రక్తం చిందకుండా స్నేహంతో గెలిచిన దారి అది" అని ముగించగానే చప్పట్లు మోగాయి.

రూలు ప్రకారం సభలోంచి ఎవరైనా ఒక ప్రశ్న అడగాలి. జవాబుకు పది మార్కులు.

ఆ ప్రశ్న అడగడానికి లేచింది ఈయన. మాసిన చొక్కా, మెడలో తువ్వాలు.

"కట్టెలేంటండీ?" అంది నవత.

ఆయన కుడి చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "ఆఁ?"

"కట్టెలంటే ఏంటి అంటున్నా!"

"పొయ్యిల కాలేటియి బిడ్డా! ఆ రోడ్డు కాడ మనోళ్ల పానాలు గూడ పోయినయ్. ఆ ముక్క చెప్పకపోతివి."

నవత తన కాగితాలు తిరగేసింది. ఆమె చదివిన పుస్తకంలో ఆ సంగతి లేదు. తెలియదని ఒప్పుకుంటే పది మార్కులూ పోతాయి, వాటితోపాటు ఢిల్లీ కూడా.

ఏం చెప్పాలో తోచక ఎదురు ప్రశ్న వేసింది.

"ఇంతకీ మీరెవరండీ? ఏ పని మీద వచ్చారు?"

"బదిలీ మీద వచ్చిన."

"ఓహో, ఏ ఆఫీసు నుంచి బదిలీ? విదేశాంగ శాఖ నుంచా?"

హాలు గొల్లుమంది. జడ్జీలు కూడా నవ్వారు.

ఆ నవ్వు ఎందుకో తెలియక ఆయన కూడా నవ్వాడు.

నవతకు ఊపు వచ్చింది. "ఇది చదువుకున్నవాళ్ల సభ పెద్దాయనా. కూర్చోండిక."

ఆయన కూర్చున్నాడు. ప్రశ్న అలాగే ఉండిపోయింది కానీ, సమయస్ఫూర్తి బాగుందని పది మార్కులూ వేశారు. ఫస్టు ప్రైజు నవతదే.

ఆమె కప్పుతో ఫొటోలు దిగుతుంటే ఆయన గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఏదో చెప్పాలన్నట్టు చెయ్యెత్తాడు. నవత చూడనట్టే తల తిప్పుకుంది.

సాయంత్రం నాన్న సారంగపాణి డ్యూటీ దిగి వచ్చాడు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డోజర్ నడుపుతాడు.

వస్తూనే, "ఫస్టొచ్చినవట గదా బిడ్డా!" అన్నాడు మురిసిపోతూ.

"నీకెవరు చెప్పిండ్రు నాన్నా?"

"నా పాత దోస్తు లాలన్న ఫోన్ జేసిండు. నీ బిడ్డ మస్తు మాట్లాడింది, హాలంత నవ్విచ్చింది అని ఒకటే సంబురం. నాకు షిఫ్టు పడె. రోడ్డు ముచ్చట చెప్తది, నా బదిలీ నువ్వన్న పోయి విను అని నేనే పంపిన."

నవత చేతిలో కప్పు చేతిలోనే ఉండిపోయింది.

గనిలో ఒకరు రాని రోజున వాళ్ల డ్యూటీ ఎక్కేవాణ్ని బదిలీ అంటారు. ఆ మాట వింటూనే పెరిగిన పిల్ల. వేదిక ఎక్కేసరికి ఆఫీసుల బదిలీ ఒక్కటే గుర్తొచ్చింది!

జరిగిందంతా తలొంచుకుని చెప్పింది. దాచాలనుకున్న ఆ 'చదువుకున్నవాళ్ల సభ' ముక్క కూడా చెప్పేసింది.

సారంగపాణి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఆయన నాతో గిదేం చెప్పలే" అన్నాడు.

సిగ్గుతో నవత తల ఎత్తలేకపోయింది. తిట్టినా బాగుండేది.

"ఎక్కడుంటడు నాన్నా? రేపే పోయి కాళ్లు పట్టుకుంట."

"కల్లూరు అవతల తండ. పోయి ఏమని చెప్తవ్? నువ్వన్న మాటే ఆయనకు వినపడలేదాయె."

"వినపడలేదో, వినపడనట్టు ఊకున్నడో!"

సారంగపాణి ఆమె చేతిలోని కప్పు తీసుకుని గూట్లో పెట్టాడు.

"ఆ చెవి ఎట్ల పోయింది నాన్నా?"

నాన్న ఒకప్పుడు ఉత్తరాదిన రోడ్ల పనిలో ఉండేవాడని నవతకు తెలుసు. అంతకుమించి ఆయన ఎన్నడూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

"ఎన్నడు చెప్పలే నీకు. చెప్పుకోవాలంటే నాకే సిగ్గు" అన్నాడు సారంగపాణి. "లాలన్న, నేను సరిహద్దుల కాడ రోడ్లేసే పనిల ఉంటిమి. ఆఫ్ఘనిస్తాన్ పోయేటోళ్ల లిస్టుల ఆయన పేరు లేకుండె, నా పేరొచ్చింది. అప్పటికే మీ అమ్మకు నెలలు నిండినయ్. నువ్వు ఇంటికి పోరా, నేను పోత అని లాలన్న సార్లను బతిమిలాడి పేరు మార్పిచ్చుకున్నడు."

ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"నేనెక్కాల్సిన డోజరు కింద మందుపాతర పేలి లాలన్న చెవి పోయిన పొద్దు, నువ్వు ఇరవై దినాల పసిగుడ్డువి, నా ఒళ్లె నిద్రపోతున్నవ్ బిడ్డా."