వాసన పోయిన కారు

కార్ల రిపేరు షెడ్డు ముందు ఆగి ఉన్న కారులో ఇంజను తిరుగుతోంది, అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, స్టీరింగు మీద తల వాల్చిన షెడ్డు యజమాని భార్య ఎంత పిలిచినా పలకడం లేదు.

యజమాని రెంచీతో అద్దం పగలగొట్టాడు.

అప్పటికే అంతా అయిపోయింది.

"ఇంజను పొగ," అన్నాడు డాక్టరు. "ఫ్యాను గాలితో పాటే లోపలికి చేరింది. నిద్ర ముంచుకొచ్చి ఉంటుంది. బాధ తెలియలేదు లెండి."

అందరికీ అదే వింత. ఊళ్లో ఎవరి కారులో ముక్కవాసన వచ్చినా, గాలి సరిగ్గా ఆడకపోయినా, తోలుకొచ్చేది ఆ షెడ్డుకే. కారణం యజమాని బావమరిది. కారెక్కి, తలుపు వేసుకుని, గట్టిగా రెండుసార్లు గాలి పీల్చేవాడు.

"బ్లోయర్‌లో ఎలుక చచ్చింది" అనేవాడు. విప్పితే ఎలుకే.

"హీటరు గొట్టం కారుతోంది" అనేవాడు. తడిమితే తడే.

చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. ముక్కుమేస్త్రి అని పేరు పెట్టేశారు.

చచ్చిపోయింది ఆ ముక్కుమేస్త్రి సొంత అక్క.

చనిపోయే ముందు వారమే తమ్ముడి దగ్గరికి వచ్చింది. "ఒరేయ్, ఫ్యాను వేస్తే చాలు, కమురు వాసనరా. తల పగిలిపోతోంది."

అతను కూర్చున్నాడు. పీల్చాడు. "ఫిల్టరు కుళ్లిందక్కా" అని బొగ్గు ఫిల్టరు వేశాడు.

వాసన పోయింది. "నీ ముక్కు బంగారం కానూ!" అని అక్క మురిసిపోయింది.

దహనం అయిన మర్నాడు యజమాని తన చేత్తోనే బానెట్ ఎత్తాడు. పొగగొట్టం ఇంజనుకి అతుక్కునే చోట రెండు నట్లు లేవు. ఆ సందులోంచి మసి చార ఒకటి ముందద్దం కింద గాలి పీల్చే జాలీ దాకా పాకి ఉంది.

"నువ్వు చూసినప్పుడు నట్లు ఉన్నాయా?"

బావమరిది వెంటనే అన్నాడు, "ఉన్నాయి బావా."

"అయితే ఎవడో విప్పాడు."

వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "మీరు పోయిన నెల మానిపించారే, కార్లు తుడిచే ఆవిడ, ఆమె మీదే నాకనుమానం సార్. మళ్లీ పని అడగడానికని గేటు దగ్గర తచ్చాడుతోంది. అమ్మగారు పోయిన రోజే, కారు బయటికెళ్తుంటే అడ్డం పడింది. 'దిగండి, దిగండి' అంటూ బానెట్ దబదబా బాదింది. మెడ పట్టి గెంటేశాం."

యజమానికి ఆ మనిషి గుర్తొచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. కార్ల లోపల దుమ్ము తుడిచేది. ఒకరోజు ఒక కస్టమరు తన కొత్త కారు తలుపు తీసేసరికి, ఈవిడ ఫ్యాను పెట్టుకుని, గాలి వచ్చే చోట మొహం ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఇది కారనుకుందా, పడగ్గది అనుకుందా?" అని అతను చిందులు తొక్కాడు.

యజమాని ఆమెని కిందికి లాగి చెంప ఛెళ్లుమనిపించాడు. "చల్లగా ఉందా మహారాణీ?"

ఆమె చెంప పట్టుకుని బావమరిది వైపు చూసింది. "ఆయన్నడగండి సార్..."

"నన్నేం అడగాలి?" అన్నాడు బావమరిది. "నాకేం తెలుసు?"

ఆ రోజే యజమాని ఆమెని పనిలోంచి తీసేశాడు.

"కక్ష కట్టింది ముండ!" యజమాని పళ్లు నూరాడు. నేరుగా స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదిచ్చాడు. "మెత్తగా అడిగితే చెప్పే రకం కాదు, ఎస్సైగారూ" అని కూడా చెప్పి వచ్చాడు.

సాయంత్రం ఎస్సై ఫోన్ చేశాడు.

"గట్టిగానే అడిగామండీ. ఒకటే పాట. 'కారులోంచి పొగ వాసనొచ్చింది, అందుకే ఆపాను' అంటుంది. రోడ్డు మీద నిలబడ్డదానికి వాసనేంటి, వేటకుక్కా? ఇందాక రక్తం కక్కుకుంది. ఆస్పత్రిలో పడేశాం. తెల్లారేదాకా ఉండదంటున్నారు. మీకేం ఇబ్బంది రాదు, మేం చూసుకుంటాం."

యజమాని ఫోన్ పెట్టేసి, ఆ మాటలన్నీ బావమరిదికి పొల్లుపోకుండా చెప్పాడు.

"మీ అక్క ఉసురు ఊరికే పోలేదురా!"

బావమరిది తల అడ్డంగా ఊపాడు.

"ఎవరూ విప్పలేదు బావా. పాత బండి, అదురుకి ఊడిపోయాయి నట్లు. నేను బానెట్ ఎత్తి చూస్తేగా!"

"వాసన పీల్చావు కదరా?"

"ఏం వాసన? ఆ పాడు జ్వరం వచ్చి తగ్గింది చూడు, అప్పట్నుంచీ నాకు సబ్బూ ఒకటే, డీజిలూ ఒకటే. చెబితే పేరు పోతుందని నోరు మూసుకున్నాను. అక్క కారులోనూ ఊరికే పీల్చినట్టు నటించి, తోచిన ఫిల్టరు వేశాను. బొగ్గు ఫిల్టరు వాసనని పట్టుకుంటుంది గానీ విషాన్ని పట్టుకోదని తెలిసి కూడా. గేటు దగ్గర ఆవిడ అరుస్తుంటే, నా గుట్టు విప్పడానికే వచ్చిందనుకుని, గెంటేయమని వాచ్‌మన్‌కి సైగ చేసింది నేనే."

"ఆవిడకి తెలిసిన నీ గుట్టేంట్రా?" అన్నాడు యజమాని.

"ఆవిడ చల్లగాలికి కూర్చోలేదు బావా. నేనే కూర్చోబెట్టాను. తుడుస్తున్నట్టు లోపలికెళ్లి, పీల్చి, నా చెవిలో చెప్పేది. నేనొచ్చి మీ అందరి ముందూ చెప్పేవాణ్ణి. ఈ షెడ్డుకి అంత పేరు తెచ్చిన ముక్కు ఆవిడది."